అచ్చమ్మ గోడకి మూడు స్టార్లు

ఇంటి ముందు పూలమొక్కలు పెంచేవాళ్లకి ఈ కాలంలో దొరికిన గొప్ప వరం ఏమిటో తెలుసా? ఎరువు కాదు, వాన కాదు. సెల్ఫీలు దిగే టూరిస్టులు!

నమ్మకం కుదరడం లేదా? అయితే సముద్రం మధ్య దీవిలో ఉండే హోప్ టౌన్ అచ్చమ్మ సంగతి వినండి.

అచ్చమ్మ భర్త పైడిరాజు హార్బరు దాటించే ఫెర్రీలో లస్కరుగా చేసి రిటైరయ్యాడు. ఆయన పడవ తాళ్లు కడుతూ, విప్పుతూ గడిపిన ఆ ముప్పై ఏళ్లూ అచ్చమ్మ వాకిట్లో మొక్కలు పెడుతూనే ఉంది. మందారాలు, నూరువరహాలు, గన్నేరు, ఇంకా ఏవేవో. రోడ్డు వైపు గోడ మీదికి మాత్రం ఒక కాగితం పూలచెట్టు ఎగబాకింది. ఫిబ్రవరి వచ్చిందంటే గోడ కనపడదు, ఆకు కనపడదు, అంతా గులాబీ రంగే!

ఒకనాడు కొత్త జంటను కొండ మీదికి తీసుకెళుతున్న ఉమేష్ టాక్సీకి సరిగ్గా ఆ గోడ ముందే పంక్చరైంది. అతను టైరు మార్చేలోగా ఆ జంట నూట నలభై ఫోటోలు దిగారు. వారం తిరిగేసరికి ఫోన్ మ్యాపులో ఆ గోడకి 'పింక్ వాల్' అని పేరు పడింది. ఆ సంగతి ఊరందరికీ తెలిసింది, ఇంటివాళ్లకి తప్ప.

ఇక చూడండి లాభాలు!

ఇదివరకు అచ్చమ్మ ఉతికిన బట్టలు ఒక్కసారి ఆరేసి ఊరుకునేది. ఇప్పుడు రోజుకి ఆరుసార్లు ఆరేసి, ఆరుసార్లు తీస్తోంది. "ఆంటీజీ, వో గ్రీన్ సాడీ హటా దీజియే, ఫోటోలో వస్తోంది" అని అడిగితే తియ్యదా మరి? జిమ్ముకి వెళ్లేవాళ్లకి ఈ పాటి వ్యాయామం ఉందా? సొంత గుమ్మం దాటాలన్నా ఎవరో "హోగయా ఆంటీ, అబ్ ఆయియే" అనేదాకా లోపలే నిలబడడం నేర్చుకుంది. అరవయ్యో ఏట ఇంత క్రమశిక్షణ ఏ స్కూల్లో వస్తుంది?

పైడిరాజు మాటకొస్తే, సూరత్ నుంచి లూధియానా దాకా ఎందరి హనీమూన్ ఆల్బమ్‌లలోనో ఆయన బనియన్‌తో పళ్లు తోముకుంటూ శాశ్వతంగా నిలిచిపోయాడు. రాజులకి శిలావిగ్రహాలు కావలసి వచ్చాయి. ఈయనకి బ్రష్షుతోనే పని జరిగింది!

పైగా రివ్యూలు! ఒకాయన మూడు స్టార్లిచ్చాడు: "పూలు బాగున్నాయి. టాయిలెట్ లేదు. లోపలున్న పెద్దాయన లుంగీ రంగు గోడకి నప్పలేదు." పైడిరాజు ఆ రోజే కొత్త లుంగీ కొన్నాడు. లేత గులాబీది.

వానలు మొదలయ్యాయి. పూలు రాలి, కొమ్మలు ముళ్లతో అడ్డదిడ్డంగా పెరిగాయి. పూత అయ్యాక కత్తిరిస్తేనే మళ్లీ గుబురుగా వస్తుందని అచ్చమ్మ ఏటా లాగే కత్తెర పట్టుకుని బయల్దేరింది. ఉమేష్ పరుగున వచ్చి అడ్డం నిలబడ్డాడు.

"మౌసీ, ఐసా మత్ కరో! పది టూరిస్టు పార్టీలకి మాటిచ్చేశాను!"

"చెట్టు నాదిరా బాబూ."

"చెట్టు నీదే మౌసీ. లొకేషన్ అందరిదీ."

పైడిరాజు కూడా అటే మొగ్గాడు. "ఇప్పుడేటే తొందర? జనం వస్తన్నారు కదా."

అచ్చమ్మ కత్తెర దించింది. మర్నాడు ఉమేష్ బజారు నుంచి ప్లాస్టిక్ పూలు బస్తాడు తెచ్చి, మోడు కొమ్మలకి వైరుతో కట్టేశాడు. ఎవరైనా కనిపెట్టారనుకున్నారా? జనం రెట్టింపయ్యారు! ఒకావిడ ఆ గుత్తిలో ముక్కు దూర్చి, గట్టిగా ఊపిరి పీల్చి, "వావ్, కిత్నా నాచురల్!" అంది.

అచ్చమ్మ ఇక ఎవరినీ అడగలేదు. ఆవిడ టాక్సీ కదలగానే ప్లాస్టిక్ ముందు, కొమ్మలు తర్వాత, చెట్టును ఈసారి ఏకంగా మోకాలెత్తుకి కోసిపారేసింది. ముళ్లు గీరుకుని చేతులు ఎర్రబడ్డా ఆ పూట అన్నం మాత్రం ఇష్టంగా తింది. టాక్సీలు ఆగడం మానేశాయి. ఆకుపచ్చ చీర తీగ మీదే ఆరింది. పైడిరాజు గులాబీ లుంగీ మడతపెట్టి పెట్టెలో పడేశాడు. ఎవరికోసం కట్టాలి చెప్పండి ఆ లుంగీ?

గుబురు పోయాక, దాని వెనకాల ఇన్నేళ్లూ నీడలో ఒదిగి ఉన్న నందివర్ధనానికి వెలుతురు తగిలింది. నెల తిరిగేసరికి చెట్టు నిండా తెల్లగా విచ్చుకుంది. లైకుల్లేక వాడిపోయిన పైడిరాజు కంట్లో అది పడింది. ఫోన్ తీసి నాలుగు వైపుల నుంచీ ఫోటోలు లాగాడు.

"ఏటే, ఈ మొక్క ఎప్పుడు తెచ్చావు?"

"మన పెళ్లయిన ఏడు."

"అలాగా! దీని పేరేటి?"

అచ్చమ్మ ఆయన వైపు ఒక క్షణం చూసింది.

"అచ్చమ్మ," అంది.

ఆయన ఫోటో కింద అలాగే టైపు చేసి నెట్‌లో పెట్టేశాడు!

సాయంత్రానికి 'అచ్చమ్మ'కి మూడొందల లైకులు. సోంపేట నుంచి ఒకావిడ కామెంటు పెట్టింది: "ఈ అచ్చమ్మ ఎంత ముచ్చటగా ఉందండీ! బాగా చూసుకోవాలంటే ఏం చెయ్యాలి?"

పైడిరాజు బాగా ఆలోచించి జవాబు రాశాడు.

"ఏమీ అక్కర్లేదండీ. ముప్పై ఏళ్లుగా మా ఇంట్లోనే ఉంది. దానంతటదే బతికేస్తుంది."