బ్యారేజ్ బాయ్స్ తొలి రికార్డు

ఆదివారం ఉదయం పటమటలోని ఆ వీధిలో సగం మంది చర్చికి వెళ్ళిపోతారు. మిగతా సగం ఆలస్యంగా నిద్ర లేస్తారు. పాట రికార్డు చెయ్యడానికి అంతకంటే నిశ్శబ్దమైన సమయం దొరకదని జాన్‌బాబు అనుకున్నాడు. బ్యారేజ్ బాయ్స్ అనే ముగ్గురు మనుషుల బ్యాండుకి అతను నాయకుడు. గిటారు అతనిది, డ్రమ్ములు ఆమోసువి, గొంతు ఎల్లారావుది. ఏళ్ళ తరబడి పెళ్ళిళ్ళలో, కాలేజీ వార్షికోత్సవాల్లో వాయిస్తూనే ఉన్నా, వాళ్ళ పాట ఒక్కటీ రికార్డుకెక్కలేదు. ఇన్నాళ్ళకి మద్రాసు గ్రామఫోను కంపెనీ మనిషి ఒకాయన బెజవాడ వచ్చి, "టేపు ఇవ్వండి, వింటాం. ఆదివారం సాయంత్రం బండికి వెళ్ళిపోతున్నాను" అన్నాడు.

ఈసారి కూడా కాకపోతే గిటారు అటకెక్కించి మేనమామ సిమెంటు కొట్లో కూర్చుంటానని జాన్‌బాబు తల్లికి మాటిచ్చి ఉన్నాడు. నిజానికి అతను బాగా అలసిపోయాడు. కొట్లో కుర్చీ ఉంటుందన్న సంగతి ఈ మధ్య తరచుగా గుర్తొస్తోంది.

తల్లి సంపూర్ణమ్మ బైబిలు పట్టుకుని గడప దాటగానే పని మొదలైంది. మైకుసెట్ల శౌరయ్య తన టేపురికార్డరు తెచ్చి బల్లమీద పెట్టాడు. ఎవరిదో పెళ్ళిలో మైకు కాసి, నిద్ర లేకుండా నేరుగా వచ్చిన మనిషి. ఆవలిస్తూనే, బయటి చప్పుడు రాకుండా కిటికీలకి దుప్పట్లు కట్టమన్నాడు. ఇంట్లోవి చాలక, ఎల్లారావు పక్కింటి అంకాలమ్మ దగ్గరికి వెళ్ళాడు. ఆవిడ చేపల బేరం ముగించుకుని అప్పుడే ఇంటికొచ్చింది.

"పిన్నిగారూ, రెండు దుప్పట్లు ఇస్తారా?"

"ఇంత ఎండల్లో దుప్పట్లేంటి బాబూ?"

"కిటికీలు మూసెయ్యాలండీ. లోపల రికార్డింగ్ ఉంది."

ఆ రోజుల్లో కృష్ణా జిల్లాలో రికార్డింగ్ అంటే ఒకటే అర్థం. తిరునాళ్ళలో సినిమా పాటల రికార్డు వేసి, స్టేజీ మీద అమ్మాయిల చేత ఆడించే డాన్సు. పెద్దమనుషులు పగలు తిట్టేదీ, వెనక వరసలో నిలబడి చూసేదీ అదే. అంకాలమ్మ దుప్పట్లు ఇచ్చింది. ఇచ్చి, చేతులైనా కడుక్కోకుండా వీధిలోకి నడిచింది.

"ఆగేది లేదు! ఆగేది లేదు!" అని ఎల్లారావు పల్లవి అందుకున్నాడో లేదో, తలుపు మీద చప్పుడైంది. జాన్‌బాబు తీస్తే ఎదురింటి పేరయ్య, ఉతికిన పంచెలో.

"మొదలెట్టేశారా బాబూ?"

"ఏంటండీ?"

"అదేనయ్యా. నేనో మూల కూర్చుంటాలే. ఎవరికీ చెప్పను."

"పాటండీ పెద్దాయనా. ఉత్త పాట."

"పాట లేకుండా ఎట్టా ఆడతారు మరి?" అన్నాడు పేరయ్య.

జాన్‌బాబు తలుపు మూసి, టేపు వెనక్కి తిప్పించి, మళ్ళీ మొదలెట్టమన్నాడు. ఈసారి కిటికీ దుప్పటి ఒక మూల జారింది. ఆ సందులోంచి తొంగి చూసిన వాళ్ళకి ఎల్లారావు వీపు కనబడింది. భుజాల దాకా జుట్టు, ఎర్రపూల చొక్కా, తాళానికి ఊగే నడుము.

"ఉందిరోయ్! ఎర్ర జాకెట్టు!" అని ఎవరో అరిచారు. వీధి ఘొల్లుమంది. కాసేపట్లో సోడాబండి కూడా వచ్చి ఆగింది.

"ఇంకెన్నిసార్లన్నా?" అన్నాడు ఆమోసు, చెమట తుడుచుకుంటూ.

"ఇదే ఆఖరు. ఇంకో టేపు లేదు, టైమూ లేదు. ఏం జరిగినా ఆపొద్దు" అన్నాడు జాన్‌బాబు.

మూడోసారి పాట సగంలోకి వచ్చేసరికి కబురు చర్చికి చేరిపోయింది. తన ఇంట్లోనే ఆడపిల్లల్ని ఆడిస్తున్నారని విన్న సంపూర్ణమ్మ ప్రసంగం మధ్యలో లేచి వచ్చేసింది. ఆవిడ వెనక నలుగురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక విజిలేసుకుంటూ కానిస్టేబుల్ బసవపున్నయ్య. తలుపు భళ్ళున తెరుచుకుంది.

"ఆపండ్రా!" అంది సంపూర్ణమ్మ.

"ఆగేది లేదు!" అని పాడాడు ఎల్లారావు, నాయకుడి మాట మీద గౌరవంతో.

"ఆపండ్రా!"

"ఆగేది లేదు!"

జనం గదిలోకి తోసుకొచ్చారు. చప్పట్లు, ఈలలు, పోలీసు విజిలు, వాటన్నిటి మీద ఆమోసు డ్రమ్ములు. పాట పూర్తయింది. బసవపున్నయ్య ఎల్లారావు జుట్టు చూసి, "ఏమ్మా, ఏ ఊరు మీది?" అన్నాడు. ఎల్లారావు ఇటు తిరిగాడు.

"మీసాలున్నాయే!" అన్నాడు పేరయ్య. ఆ గొంతులో అంత దుఃఖం ఆయన భార్య పోయినప్పుడు కూడా ఎవరూ వినలేదు. జనం తిట్టుకుంటూ వెళ్ళిపోయారు.

శౌరయ్య గోడకి ఆనుకుని నిద్రపోతున్నాడు. టేపు మాత్రం చివరిదాకా తిరిగింది. జాన్‌బాబు దాన్ని జేబులో వేసుకుని స్టేషనుకి వెళ్ళాడు.

"ఇందులో ఏమున్నాయి?" అని అడిగాడు కంపెనీ మనిషి.

"అన్నీ ఉన్నాయండీ" అన్నాడు జాన్‌బాబు.

మర్నాడు అతను సిమెంటు కొట్లో చేరాడు. ఎవరూ తిట్టలేదు, ఓదార్చలేదు. గిటారు తీగలు పట్టిన వేళ్ళకి సిమెంటు దుమ్ము అంటుకుంటుంటే, గుండెల్లో ఏదో కలుక్కుమనేది. దాన్ని కూడా అలసటే అనుకున్నాడు.

వానలు మొదలయ్యాక ఒక రోజు కంపెనీ మనిషి కొట్టు ముందు రిక్షా దిగాడు. చేతిలో చిన్న రికార్డు.

"నాకు తెలుగు కొంచెమే వచ్చు సార్. పాట సుమారు. కానీ ఆ ఆడియన్సు! ఆ విజిలు! బెజవాడలో మీకు ఇంత క్రేజు ఉందని చెప్పలేదే? మద్రాసులో కాలేజీ పిల్లలు ఎగబడి కొంటున్నారు. నడుమ పాడిన ఆ లేడీ ఎవరు సార్? ఏం ఫోర్సు, ఏం టైమింగు!"

జాన్‌బాబు రికార్డు తిప్పి చూశాడు. మీద పాట పేరు అచ్చేసి ఉంది: 'ఆపండ్రా'.

తల్లి పగలగొడుతుందేమోనని భయపడుతూనే ఇంటికి తీసుకెళ్ళాడు. సంపూర్ణమ్మ మళ్ళీ మళ్ళీ వేయించుకుని విన్నది. "రెండోసారి కాస్త ముందుగా అందుకున్నాన్రా. ఈసారి చూసుకుంటాలే" అంది.

రికార్డు వచ్చాక గుడివాడలో బ్యారేజ్ బాయ్స్ ఇచ్చిన మొదటి ప్రదర్శనకి హాలు కిటకిటలాడింది. పాట మధ్యలో జాన్‌బాబుని పక్కకి తప్పుకోమని జనం కేకలేశారు, వెనక సంపూర్ణమ్మ కనబడటం లేదని.