కూలర్‌లో కాపురం

మెట్‌పల్లిలో చెప్పుల దుకాణం నడిపే అమ్జద్‌కు ఆ ఆదివారం పొద్దున ఒక్కటే పని. ఖానాపూర్ నుంచి అత్తగారు అజీజా పన్నెండింటి బస్సు దిగేలోగా, కూతురు మహెక్ పెంచుకుంటున్న రెండు చెట్టు కప్పలకు ఆమె కంటికి కనబడని చోట ఇల్లు చూడాలి. పోయినేడు కప్ప ఒకటి కాలి మీద దూకిందని అజీజా మూడు రోజులు మంచం దిగలేదు. అమ్జద్‌కూ కప్పలంటే వణుకే. కాకపోతే అత్తగారంటే ఉన్న భయం ముందు అదొక లెక్క కాదు.

"మూత ఉండాలె అబ్బా. గాలి ఆడాలె. ఎక్కనీకి గోడ ఉండాలె. అడుగున జర తడి చాలు, నీళ్లెక్కువైతే వీటికి పడది," అని నాలుగో తరగతి చదివే మహెక్ తండ్రికి షరతులు పెట్టింది.

మొదట చేపల గాజు తొట్టి తెచ్చాడు. కప్పలు అద్దం వెంట పైకి పాకి నేరుగా అతని చొక్కా మీదికి దూకాయి. మహెక్ వాటిని పట్టుకునే దాకా అమ్జద్ మంచం మీంచి దిగలేదు. చిలుక పంజరంలో పెడితే కమ్మీల సందుల్లోంచి ఇవతలికొచ్చి కూర్చున్నాయి. బకెట్‌లో వేసి పళ్లెం మూస్తే, ఊపిరాడక చస్తాయని మహెక్ ఏడుపు అందుకుంది. పదకొండు దాటింది.

"గా కూలర్ల పెట్టరాదు? వానకాలం దాన్ని ఎవరు చూస్తరు?" అంది భార్య నూరీన్.

వరండాలో మూలనున్న కూలర్‌కు మూడు పక్కలా గడ్డి, పైన మూత, అడుగున కొంచెం తడి. మహెక్ కూడా సరేనంది.

అజీజా వచ్చింది, తిన్నది, వరండాలో మంచం మీద నడుం వాల్చింది. అప్పుడే కూలర్‌లోంచి "క్వీ..." అని సన్నటి కేక.

"గదేంది?"

"కూలర్ మోటర్ అమ్మీ," అన్నాడు అమ్జద్.

"కరెంటు లేదు కద బేటా."

అమ్జద్ కూలర్‌కు అడ్డంగా జరిగాడు. "అయితే... ఎలుక కావచ్చు."

"ఎలుక కోసం పామొస్తే?" అంటూ అజీజా మంచం మీదే లేచి నిలబడి అరిచింది. పక్కింటి నేత కార్మికుడు హనుమండ్లు కట్టె పట్టుకొని వచ్చాడు, వెనకాల సగం గల్లీ వచ్చింది. అతను కూలర్‌కు చెవి ఆనించి, "ఎలుక కాదు. పామును చూస్తె కప్ప గిట్లనే ఒర్లుతది. జరగుండ్రి, మూత తీసి కొడ్త," అన్నాడు.

మహెక్ తండ్రి చొక్కా పట్టుకొని లాగింది. పామూ లేదు, గీమూ లేదు, కొత్త ఇల్లు నచ్చక కప్పలు అరుస్తున్నాయి, అంతే అనుకున్నాడు అమ్జద్. కట్టె పడితే కప్పలు చస్తాయి. అవి మహెక్ పెంచుకునే కప్పలని నిజం చెబితే అత్తగారు పడిపోతుంది. ఒళ్లంతా చెమటలు పడుతుండగా, "ఆగు హనుమండ్లు, నేను చూస్త," అని కళ్లు గట్టిగా మూసుకొని కూలర్‌లో చెయ్యి పెట్టాడు. చల్లగా, మెత్తగా తగిలింది. కప్పే అనుకొని పట్టుకొని పైకి లాగాడు. ఎంత లాగినా అది అయిపోవడం లేదు. మూరెడు వచ్చాక కళ్లు తెరిచాడు.

అరుద్దామంటే గొంతు రాలేదు. వదిలేద్దామంటే వేళ్లు విచ్చుకోలేదు. కాళ్లొక్కటే మాట విన్నాయి. రాయిలాంటి ముఖంతో, ఉలుకూ పలుకూ లేకుండా ఇంటి వెనక మోరీ కాలువ దాకా నడిచాడు. జనం రెండు పాయలుగా చీలి దారిచ్చారు. అక్కడ పామే అతని చేతిలోంచి విడిపించుకొని నీళ్లలోకి జారింది.

"నీళ్ల పామే, విషం లేదు. వెనక గడ్డి ఊడిన సందుల కెల్లి దూరింది," అన్నాడు హనుమండ్లు. "గని భాయ్, కండ్లు మూసుకొని పట్టినవ్! గింత ధైర్యం ఏడ దాచినవ్?"

అమ్జద్ తిరిగొచ్చేసరికి ఫ్యాన్ రెక్కలకు కరుచుకొని ఉన్న రెండు కప్పల్నీ మహెక్ దోసిట్లోకి తీసుకుంది. అజీజా ఎప్పుడు పడిపోతుందా అని అమ్జద్ గుండె చేత పట్టుకొని నిలబడ్డాడు. ఆమె మంచం దిగి వచ్చి, తన దుపట్టాతో అతని నుదుటి చెమట తుడిచింది.

"పామును పట్టే అల్లుడుండంగ కప్పలకు నాకేం ఫికర్? గా కూలర్‌కు చుట్టూత సన్న జాలీ కొట్టియ్యి, అండ్లనే ఉండనియ్యి."

ఆ వారంలోనే మూడిళ్ల వాళ్లు పాము కనబడిందని అమ్జద్ కోసం పరుగెత్తుకొచ్చారు. అతను తలుపుకు లోపలి నుంచి రెండో గొళ్లెం పెట్టించుకున్నాడు.