కళ్లజోడు లేని సాక్ష్యం

ఆ రోజు ఉదయం కటింగ్ మాస్టరు వేసుకున్న పథకం చాలా చిన్నది: కళ్లజోడు ఇంట్లో వదిలేసి కోర్టుకు వెళ్లడం. ముప్పై ఏళ్లుగా యూనిఫారాల ఫ్యాక్టరీలో గుడ్డ కత్తిరించిన మనిషిని, "వయసు మీద పడింది, చూపు ఆనడం లేదు" అని యాభై ఆరో ఏట ఇంటికి పంపేశారు. మళ్లీ పనిలోకి తీసుకోవాలని ఆయన కంపెనీ మీద కేసు వేశాడు. ఆ ఉద్యోగం తిరిగి రాకపోతే ఆయనకు ఇంకో పని చేతకాదు. ఆ సంగతి అందరికంటే ముందు ఆయనే ఒప్పుకునేవాడు.

"జోడు లేకపోతే మీకు గుమ్మం కూడా కనపడదు కదండీ!" అంది భార్య.

"జడ్జిగారికి నా మొహం కుర్రగా కనపడాలి గానీ, నాకు జడ్జిగారు కనపడక్కర్లేదే," అన్నాడు మాస్టరు, తన తెలివికి తానే మురిసిపోతూ.

కోర్టు వరండాలో నల్లకోట్లన్నీ ఒకేలా ఉన్నాయి. బెంచీ చివర కూర్చున్న నల్లకోటును తన లాయరు దగ్గరి జూనియర్ అనుకుని, పక్కన చేరి గుసగుసలాడాడు.

"బాబూ, మన లాయరుకి చెప్పకు. జోడు ఇంట్లోనే పెట్టొచ్చాను. ఆ మేనేజరు ఉత్త వెర్రిబాగులవాడు, కనిపెట్టలేడులే."

"ఊఁ," అన్నాడు ఆ నల్లకోటు. ఆయనే మేనేజరు.

బోనులో నిలబడగానే కంపెనీ లాయరు ఒక కాగితం ఇచ్చి చదవమన్నాడు. మాస్టరు దాన్ని దూరం పెట్టాడు, దగ్గర పెట్టాడు, చివరికి తిరగేశాడు. హాలంతా గొల్లుమంది. ముప్పై ఏళ్ల పనితనం ఒక్క కాగితంతో మంటగలిసిపోతోందని ఆయనకు ఏడుపొచ్చింది.

"నేనొట్టి దద్దమ్మనమ్మా. జోడుంటే నూలుపోగు తేడా రాకుండా కత్తిరిస్తాను. అది పెట్టుకొస్తే ముసలాడంటారని భయపడ్డాను," అన్నాడు జడ్జిగారితో.

"నేను ఎనిమిదో ఏట నుంచీ జోడు పెట్టుకుంటున్నాను. ఇటు తిరిగి మాట్లాడండి, అటున్నది బీరువా," అన్నారు జడ్జిగారు. తర్వాత మేనేజరును అడిగారు: "జోడు పెట్టుకుంటే ఈయన పనిలో లోపమేమైనా ఉందా?"

గెలుపు చేతికందిందన్న హుషారులో మేనేజరు, తన లాయరు కోటు లాగుతున్నా ఆగలేదు. "పనికేం మేడమ్! ఆయనలా కత్తిరించేవాడు మా దగ్గర ఇంకొకడు లేడు. కానీ ఆర్డర్లిచ్చేవాళ్లు వచ్చినప్పుడు కుర్రమొహాలు కనపడాలి కదా! అందుకే యాభై దాటినవాళ్లందర్నీ చూపు సాకు పెట్టి..."

అక్కడ ఆయన ఆగాడు గానీ, ప్రతి మాటా టైపు చేస్తున్న టైపిస్టు ఆగలేదు.

వయసు చూసి తీసేయడం చెల్లదనీ, మర్నాడే పనిలోకి తీసుకోవాలనీ జడ్జిగారు చెప్పారు. మాస్టరు కళ్లు తుడుచుకుని, లాయరు కలిపిచ్చిన ఫోనులో భార్యతో అన్నాడు: "గెలిచామే! నా తెలివి కాదు, నా వెర్రితనమే గెలిపించింది."

"నాకు తెలుసులెండి. అయితే రేపు ఎనిమిదింటికల్లా ఫ్యాక్టరీలో ఉండాలన్నమాట."

ఆరు నెలలుగా తొమ్మిదింటికి నిద్రలేస్తున్న మాస్టరు ఫోను తిరిగిచ్చేసి, ఈ తీర్పు మీద అప్పీలుకు గెలిచినవాళ్లు కూడా వెళ్లొచ్చా అని లాయరును అడిగాడు.