కొండమీది పొగకు రెండు తీర్పులు

న్యాయం ఎంత చక్కనిదైనా, అది ఎవరింటి పిల్లో తేలందే మన గడప తొక్కనివ్వరాదన్నది నాగరిక దేశాల మూలసూత్రం. పోలండ్ కొండల్లోని ఆ గొర్రెల కాపరుల ఊళ్లో దీన్ని చంటిపిల్లలు కూడా పాటిస్తారు.

ఆ ఊళ్లో గొర్రెపాలతో గట్టి జున్ను చేసే ముసలాయన యెంజెయ్. వసంతంలో ఆయన పాకలో రాజేసిన నిప్పు, చలికాలం ముందు గొర్రెలు కొండ దిగేదాకా ఆరకూడదు. ఆరిందా, మళ్లీ వసంతం దాకా ముట్టించకూడదు. అది తాతల నాటి కట్టుబాటు. ఆ పొగకే చూరు కింద వేలాడదీసిన జున్నుకు రంగూ రుచీ వస్తాయి. పారిశుద్ధ్య శాఖవారు తనిఖీకొచ్చి, పొగపాకలో పొగ ఉన్నట్టు కనిపెట్టి, నిప్పు ఆర్పమన్నారు. యెంజెయ్ ఐరోపా దేశాల ఉమ్మడి కోర్టు దాకా వెళ్లి గెలిచాడు. ఆ వారమంతా, బ్రోంకా అనే పిల్ల నడిపే సారా హోటల్లో ఆ కోర్టు పేరు చెప్పి తాగనివాడు లేడు.

అప్పుడు దేశ రాజధానిలోని పెద్ద కోర్టు గొంతు సవరించుకుంది. తీర్పు సరైనదే. కానీ సరైనదని చెప్పే హక్కు మాది. తీరిగ్గా చెబుతాం. అందాకా అది చెల్లదు. (సరైనది ఎందుకు చెల్లదో అనుబంధంలో వివరించారు. అనుబంధం ఇంకా అచ్చులో ఉంది.)

పొరుగింటి పుల్లకూర రుచి అన్న సామెత కోర్టులకు వర్తించదు. మర్నాడు అభిప్రాయ సేకరణ శాఖవారు ఊరంతా గాలించినా, ఉమ్మడి కోర్టును మెచ్చుకునేవాడు ఒక్కడు దొరకలేదు.

"మన నిప్పు సంగతి చెప్పడానికి వాళ్లెవరు మామా?" అంది బ్రోంకా, ఆయన జున్నే నములుతూ.

"వాళ్లు చెప్పకపోతే తనిఖీవాళ్లు ఆర్పేస్తారే పిల్లా."

"ఆర్పనీ. ఆర్పేది మనవాళ్లేగా."

"వెలిగించింది నేను కదే."

"వెలిగించావులే. పర్మిషను పరాయోళ్లది."

యెంజెయ్‌కి ఏడుపొచ్చింది. అయినా అభిప్రాయ సేకరణవారు అడిగితే 'మన కోర్టే గొప్పది' అన్నాడు. ఊళ్లో బతకాలి కదా. మళ్లీ వచ్చిన పారిశుద్ధ్య అధికారుల ఎదుట తన చేత్తోనే నిప్పుమీద బకెట్టు నీళ్లు కుమ్మరించాడు. పొగ లేని జున్ను ఎవరూ కొనలేదు. గొర్రెల్ని లోయలోని ఆసామికి అమ్మేశాడు.

ఆకులు రాలకముందే పెద్ద కోర్టు తీర్పు వెలువడింది. నిప్పు వెలగవచ్చు. ఉమ్మడి కోర్టు మాటలే, అక్షరం పొల్లుపోలేదు. పైన కోర్టు పేరు మాత్రం మార్చారు.

"చూశావా మామా, మన కష్టం మనోళ్లకే తెలుస్తుంది," అంది బ్రోంకా కళ్లొత్తుకుంటూ.

ఊరంతా చప్పట్లు కొట్టింది. యెంజెయ్ కూడా కొట్టాడు. చేతులకి వేరే పనేమీ లేదు మరి.