ఉంగరం లేని డై

శనివారం పది గంటలకు షూటింగ్ క్లబ్బులో వర్జిల్ హాస్కిన్స్ ఉపన్యాసం. విషయం: కార్బైడ్ డైని చూడగానే గుర్తుపట్టడం ఎలా. మోంటానాలోని ఆ చిన్న ఊళ్లో ముప్పై ఏళ్లు ఉత్తరాలు పంచి రిటైరైన వర్జిల్‌ను నలుగురిలో మాట్లాడమని అడగడం అదే మొదటిసారి. అందుకని పొద్దున్నే క్లబ్బు కోటు తొడుక్కుని, వంటింటి బల్లకు తూటా గొట్టాలను నొక్కే ప్రెస్ బిగించి, పాత సామాన్ల అమ్మకంలో కొన్న డైతో రిహార్సల్ మొదలుపెట్టాడు.

పేల్చేసిన తూటా ఇత్తడి గొట్టాన్ని డై అనే అచ్చులోకి నొక్కితే మళ్లీ పాత కొలతకు వస్తుంది, ఇంకోసారి వాడుకోవచ్చు. డై మూతి లోపల కార్బైడ్ అనే నున్నటి గట్టి లోహపు ఉంగరం ఉంటే నూనె అక్కర్లేదు. ఉత్త ఉక్కుదైతే గొట్టానికి నూనె రాయాల్సిందే. లేదంటే అందులోనే బిగుసుకుపోతుంది.

"దీనిమీద ఏ రాతా లేదు కదా, కార్బైడ్‌దని నీకెలా తెలుసయ్యా?" అంది భార్య లోర్నా, పాన్‌కేకు తిరగేస్తూ.

"మూతి దగ్గర ఆ మెరుపు చూడు. నాలాంటివాడికి కళ్లజోడు కూడా అక్కర్లేదు."

పిడి కిందికి లాగాడు. గొట్టం లోపలికి వెళ్లింది. బయటికి మాత్రం రాలేదు. పిడిని బలంగా ఎత్తబోతే బల్లే లేచింది. పిండి గిన్నె జారి సరాసరి కోటు మీద పడింది.

"ఎల్డెన్‌ని పిలువు. ఎవరికీ తెలియకుండా రమ్మను," అన్నాడు పిండి తుడుచుకుంటూ.

లోర్నా ఫోన్ చేసింది. "ఎల్డెన్, మా ఆయన ప్రెస్‌లో ఇరికించుకున్నాడు, త్వరగా రా!" ఏం ఇరికించుకున్నాడో చెప్పేలోగా పాన్‌కేకు మాడింది; ఫోన్ పెట్టేసింది.

ఎల్డెన్ ఆ ఊరి అగ్నిమాపక దళం పెద్ద. అయిదు నిమిషాల్లో సైరన్ మోగిస్తూ ఫైరింజన్ వచ్చింది. అందులో ఎనిమిది మంది. అందరూ క్లబ్బు సభ్యులే.

"ఎన్ని వేళ్లు పోయాయిరా?" అన్నాడు ఎల్డెన్ రొప్పుతూ.

"పదీ ఉన్నాయి. పరువే పోయింది."

ఎల్డెన్ ప్రెస్ విప్పి, డైని తిప్పి తిప్పి చూశాడు. "ఉంగరం ఏదిరా ఇందులో? ఇది ఉత్త ఉక్కు. నువ్వు చూసింది అరిగిన మెరుపు."

పెరటి తలుపు వైపు ఒకసారి చూశాడు వర్జిల్. తర్వాత నిలబడి గొంతు సవరించుకున్నాడు. "సరే, ఉపన్యాసం ఇక్కడే కానిద్దాం. కార్బైడ్ కాని డైని గుర్తుపట్టే పద్ధతి ఇదీ."

ఎవరూ నవ్వలేదు. ఎల్డెన్ నేలచూపులు చూస్తూ అన్నాడు: "మా ఇంట్లో ఇలా గొట్టం ఇరుక్కున్నవి రెండున్నాయిరా. మా ఆవిడక్కూడా చెప్పలేదు."

"నావి మూడు," అన్నారెవరో వెనకనుంచి.

మధ్యాహ్నానికి లోర్నా బల్ల మీద గొట్టాలు ఇరుక్కున్న డైలు పదకొండు చేరాయి. వాటిలో రెండు, నూనె అక్కర్లేని అసలైన కార్బైడ్‌వే.