నూకయ్యకు పోయిన లైఫు

ఆ ఆదివారం పొద్దున్న నూకయ్య వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం లోపల చచ్చిపోవడం పూర్తి చేసుకుని, ఖరిదా బజారుకు వెళ్ళి భార్యకు కొత్త చీర కొనాలి. చీర చేతిలో పెడితే సింహాచలమ్మ నోరు విప్పుతుందని అతని ఆశ.

పెళ్ళిలో నూకయ్య తల్లి అప్పలకొండ కోడలికి పెట్టిన పసుపుపచ్చ చీరను అతను అడక్కుండా కత్తిరించి పీత రాక్షసుడికి తొడిగాడు. అప్పలకొండ శ్రీకాకుళంలో కూతురింట ఉంది కాబట్టి ఆవిడకీ సంగతి తెలియదు. తెలిసిన సింహాచలమ్మ మాత్రం మొగుడితో మాట మానేసింది. కంచం ముందు పెట్టి వెళ్ళిపోతోంది. రైల్వే వర్క్‌షాపులో సుత్తుల మోత మధ్య హాయిగా బతికే మనిషికి ఇంట్లో ఆ నిశ్శబ్దం నిద్ర పట్టనివ్వడం లేదు.

రాక్షసుడు తోటి ఫిట్టరు జగ్గారావు తీస్తున్న వీడియో సినిమాలోవాడు. ప్రేమ్ బజారులో బిళ్ళ వేస్తే ఆడే వీడియో ఆటల డబ్బా ముందు తపస్సు చేసి జగ్గారావు ఈ కథ అల్లాడు. ఆటలోని పీతలు టీవీల్లోంచి దిగివచ్చి రైలింజన్లు నమిలేస్తుంటే హీరో నూకయ్య అడ్డుపడతాడు. ఆటలో లాగే అతనికి మూడు లైఫులు. హాస్యచిత్రమే గాని, జగ్గారావు దాన్ని వ్రతం చేసినంత నిష్ఠగా తీస్తున్నాడు.

ట్రాఫిక్ అనే పేట వెనక మైదానంలో నూకయ్య బోర్లా పడి మొదటి లైఫు పోగొట్టుకున్నాడు. అంతలో పీత బొమ్మ దవడ ఊడింది.

"బావా, ఇలగే పడుండు. గమ్ము అట్టుకొస్తాను. కదిలినావంటే సీను జాయింటవదు," అని జగ్గారావు సైకిలెక్కాడు. స్టాండు మీద అద్దె కెమెరా ఆపడం మరిచిపోయాడు.

పక్క క్వార్టరు అన్నమ్మ ఎదురైంది. "ఏటిరా, నూకయ్య అలా పడున్నాడు?"

"లైఫ్ పోయింది పిన్నీ! ఎవులూ కదపొద్దు, నానిప్పుడే వచ్చేస్తాను!" సైకిలు ఆగలేదు.

రైల్వే కాలనీలో ఆ మాత్రం ఇంగ్లీషు రానివాళ్ళు లేరు. కదపొద్దంటే పోలీసు కేసని కూడా అన్నమ్మే తేల్చేసింది. కాసేపట్లో కాలనీ అంతా మైదానంలో ఉంది. ఎవరో వెదుళ్ళు తెచ్చారు. భజన సంఘం తాళాలతో దిగింది. టీకొట్టు బెంగాలీ దాదా కొట్టు కట్టేసి పూలదండతో వచ్చాడు. కదపకూడదు గనక అందరూ దూరంగా చేతులు కట్టుకుని నిలబడ్డారు.

గడ్డి ముక్కులోకి పోతున్నా నూకయ్య కదల్లేదు. ఈ జనమంతా జగ్గారావు ఏర్పాటే అనుకున్నాడు. అప్పుడు వినిపించింది సింహాచలమ్మ గొంతు.

"ఓర్నాయనో! మాటాడక మాటాడక నిన్ను సంపేసుకున్నానయ్యా! అడక్కుండా సించినావని ఒళ్ళు మండింది గానీ, ఆ సీర నాకెప్పుడు నచ్చింది గనక? మీయమ్మ ఎట్టింది కదాని దాసుకున్నాను. అది సీరేటి, గంజి వార్సే గుడ్డ! లెగయ్యా, లెగిసి ఇంకో రెండు సింపుకో!"

నూకయ్య గుండె నిండిపోయింది. సీను చెడితే చెడిందని తల ఎత్తాడు. "అయితే కోపం లేదేటే?"

వెదుళ్ళు కిందపడ్డాయి. భజన సంఘం తాళాలు వదిలేసి పరుగందుకుంది. సింహాచలమ్మ మాత్రం దగ్గరికొచ్చి మొగుడికి రెండు తగిలించి, ఆ తర్వాత పట్టుకుని ఏడ్చింది. సాయంత్రం ఇద్దరూ కలిసే ఖరిదా వెళ్ళి ఆవిడకు నచ్చిన చీర కొన్నారు. దారి పొడుగునా ఆవిడ మాట్లాడుతూనే ఉంది. నూకయ్యకు అంత సంతోషం పెళ్ళినాడు కూడా లేదు.

నెల తిరక్కుండా సినిమాను రైల్వే ఇన్‌స్టిట్యూట్ హాల్లో వేశారు. క్యాసెట్టులోంచి సింహాచలమ్మ ఏడ్చిన ముక్క తీసెయ్యమని నూకయ్య కాళ్ళావేళ్ళా పడ్డాడు. సినిమాలో నవ్వొచ్చేది అదొక్కటేనని జగ్గారావు ఒప్పుకోలేదు. హాలంతా పడీ పడీ నవ్వింది. మొగుడూ పెళ్ళాలు తలలు ఎత్తలేదు. ముందు వరసలో, పొద్దున్నే శ్రీకాకుళం నుంచి దిగిన అప్పలకొండ కూర్చుని ఉంది.

నవ్వులు సద్దుమణిగాక ఆవిడ లేచి, జగ్గారావుతో నెమ్మదిగా అంది:

"బాబూ, ఆ గంజిగుడ్డ కాడ సరిగ్గా ఇనపళ్ళేదు. ఇంకోపాలి ఎయ్యి."