దండెం మీద ఆయుష్షు

నేను ఏ ఏట చావాలో నేనే నిర్ణయించుకున్న ఆదివారం పొద్దున మా ఇంట్లో బట్టల క్లిప్పులు చాల్లేదు. కథంతా అంతే. కానీ మీరు కుర్చీలు లాక్కుని మరీ కూర్చున్నారు కాబట్టి మొదట్నించీ చెబుతాను. కుర్చీలు మాత్రం జాగ్రత్త. ఎందుకంటున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

నేను పనిచేసేది బీమా కంపెనీలో. జనానికి ధీమా, మాకు బీమా. అందులో నాది పింఛన్ల విభాగం. ఏ వయసువాడు సగటున ఇంకా ఎన్నేళ్లు బతుకుతాడో పట్టికలో చూసి, అన్నేళ్లకి సరిపడా పింఛను లెక్కగట్టడం నా పని. పెళ్లికెళ్లినా అదే బుద్ధి. వధూవరుల్ని ఎగాదిగా చూసి "నలభై ఒకటి" అనేస్తాను. పక్కవాళ్లు అదేదో దీవెన అనుకుంటారు.

మా ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో టీచరు. రోజూ ఎవడో ఒకడు ఆవిడని చంపబోతాడు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని, కాలుగోళ్లు చూసుకుంటూ "క్లచ్చు నాయనా, క్లచ్చు" అంటుంది. ఆ కారులో ఆవిడ కాలి కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు కారు తానే ఆపాననుకుని పొంగిపోతాడు. ఇన్నేళ్ల కాపురంలో నేను పొంగిపోయిన సందర్భాలన్నీ ఇప్పుడు మళ్లీ ఓసారి చూసుకోవాల్సి వస్తోంది.

ఇక కుర్చీ సంగతి.

ఆఫీసులో నా పక్కన కూర్చునే ఆయన్ని టీగంట అనేవాళ్లం. పదకొండింటికి టీ గంట మోగకముందే లేచి నిలబడేవాడు. రిటైర్మెంటు దగ్గర పడింది. "ఇంకేముంది, గంట కొట్టేస్తారు, ఇంటికెళ్లిపోతాను" అని చేతులు రుద్దుకునేవాడు. ఓ మంగళవారం గంట మోగింది. ఆయన లేవలేదు.

"అలిగాడేమో" అన్నారెవరో.

మేనేజరుని పిలుచుకొచ్చాం. ఆయన్ని మేం ఇంకాస్త గారంటాం. ఏ ఫైలు తీసుకెళ్లినా "ఇంకాస్త చూడండి" అంటాడు మరి. టీగంట చల్లబడ్డ చెయ్యి పట్టుకుని, ముక్కు దగ్గర వేలు పెట్టి, అలవాటు కొద్దీ "ఇంకాస్త చూద్దాం" అన్నాడు.

ఎంత చూసినా అంతే. ఆయన పొద్దున్నే పోయాడని డాక్టరు తేల్చాడు. ఆ పొద్దున నేను ఆయన్ని రెండుసార్లు స్టేప్లర్ అడిగాను. ఉలకలేదు, పలకలేదు. పొగరనుకుని తిట్టుకున్నాను కూడా. విరమణలో అక్షరాలే కాస్త తారుమారైతే మరణం అవుతుందని ఆ రోజు నాకు అర్థమైంది.

మర్నాడు సీనియారిటీ ప్రకారం ఆయన కుర్చీ నాకిచ్చారు. మంచి కుర్చీ. వీపుకి ఆనుతుంది. కానీ అందులో ఆయన కూర్చుని కూర్చుని పడిన గుంట ఉంది. మొదట్లో అది నాకు వదులుగా ఉండేది. కొన్నాళ్లకి సరిగ్గా సరిపోయింది. నా గుంట నేనే తవ్వుకుంటున్నానని భయం పట్టుకుంది. పదకొండింటికి గంట మోగితే చాలు, దాహం లేకపోయినా లేచి నిలబడేవాణ్ణి. నేనూ పోయానని ఎవరికీ అనుమానం రాకూడదని.

అలాంటి సమయంలో పేపర్లో ఓ ప్రకటన కనపడింది. ఏడాదంతా ఎండ కాసే దేశం, సముద్రం ఎదురుగా చిన్న ఇల్లు, ఇక్కడ సైకిల్ స్టాండుకి పెట్టే ఖర్చులో అక్కడ సంసారం! కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించాను. మా ఆవిడ రోజూ పాలు తీసుకుంటూ సముద్రాన్ని చూసేది. ఏమీ అనేది కాదు. అది ఒప్పుకోవడం అనుకున్నాను.

గురువారం ఇంకాస్త గారి గదిలోకెళ్లి ఉద్యోగం మానేస్తున్నానని చెప్పేశాను. "ఇంకాస్త ఆలోచించండి, సోమవారం రాసి తీసుకురండి" అన్నాడు. ఆ సాయంత్రమే బయట ఇద్దరు గుమాస్తాలు నా కుర్చీ చక్రాలు తిప్పి చూస్తున్నారు.

ఇంట్లో మాత్రం ఇంకా చెప్పలేదు. ఆదివారం లెక్కతో సహా చెప్పి అబ్బురపరుద్దామనుకున్నాను. వాన పడుతోంది. హాల్లో కిటికీ నుంచి వంటింటి తలుపు దాకా తాడు కట్టాను. ఇంట్లో ఉన్న క్లిప్పులన్నీ వరసగా దానికి తగిలించాను. నా లెక్కకి సరిగ్గా సరిపోయాయి, బట్టలకే మిగల్లేదు.

మా ఆవిడ వచ్చి దండెం చూసి దండం పెట్టింది. "ఏవండీ, బట్టలేవీ?"

"బట్టలు కాదోయ్, మన భవిష్యత్తు. ఉష్ణమండలంలో!"

"ఉష్ణమండలమా? నాకిక్కడే మండుతోంది."

"విను. ఒక్కో క్లిప్పు ఒక్కో ఏడాది. మన దగ్గరున్న సొమ్ముతో అక్కడ ఎన్నేళ్లు బతకగలమో అన్ని క్లిప్పులు. మొత్తం పంతొమ్మిది."

"తర్వాత?"

"తర్వాత ఏముంది, తాడు."

ఆవిడ ఆ మాటకి తాడు వైపు, నా మెడ వైపు ఒకసారి చూసింది. "అంటే పంతొమ్మిదేళ్లకి సొమ్ము అయిపోతుంది. అప్పుడు మనం ఏం తింటాం?"

"తినక్కర్లేదు. ఉండం."

చెప్పానుగా, ఆఫీసు అలవాటు. మా విభాగంలో ముగింపు ఏడాది వెయ్యకుండా ఏ లెక్కా ముందుకి కదలదు. నాకు డెబ్బై దగ్గర వేశాను. ఆవిడకి అరవై ఏడు దగ్గర. ఆదాయం ఎంతో ఆయుర్దాయం అంత. దానికి ఆవిడ సంతోషించాల్సింది పోయి, చివరి క్లిప్పు పట్టుకుని నిలబడింది.

"నన్ను అరవై ఏడుకే చంపేశారా?"

"చంపలేదోయ్. సర్దాను."

"ఇద్దరం ఒకేసారి ఎలా పోతామండీ?"

"సగటున."

"నేను సగటున పోను. పోతే మొత్తం పోతాను."

"పోనీ, మనకి ఏసీ వద్దనుకుంటే నీకో రెండేళ్లు పొడిగించొచ్చు."

"అంత వేడిలో ఆ రెండేళ్లు నాకెందుకు?"

సరిగ్గా అప్పుడే లోపల్నించి మా అత్తగారు వచ్చింది. ఎనభై ఆరేళ్లు. నేను మనసులో వజ్రకాయం అంటాను. చేతిలో తడిబట్టల బకెట్టు. నేనెత్తితే నడుం పట్టేసే బకెట్టు.

"ఏంటి అల్లుడూ, పొద్దున్నే ఈ తోరణాలు?"

"మన ఆయుష్షులమ్మా" అంది మా ఆవిడ. "ఈయన కొలిచి కట్టారు."

"నావెక్కడ?"

నేను దగ్గాను. నీళ్లు తాగాను. మళ్లీ దగ్గాను. "అత్తయ్యా, మన ప్రయాణం వచ్చే వేసవికి కదా. పట్టిక ప్రకారం అప్పటికి మీరు... అంటే పట్టికలో అందరికీ అలాగే ఉంటుంది... అప్పటికి..."

"అప్పటికి నా మోకాలు మార్పిస్తామన్నాడుగా డాక్టరు. ఇరవై ఏళ్లు గ్యారంటీ అన్నాడు. గ్యారంటీ నాకా, మోకాలికా అంటే నవ్వాడు వెధవ." ఆవిడ తాడు దగ్గరికొచ్చి, కిటికీ వైపు కొస నుంచి మూడు క్లిప్పులు చక్కా ఊడబీకింది. "వానగాలికి బట్టలు ఎగిరిపోతున్నాయి. ఇవి ఊరికే ఉన్నాయిగా!"

"అత్తయ్యా, అవి నా అరవై ఎనిమిది, అరవై తొమ్మిది, డెబ్బై!"

"ఆరాక ఇస్తాలే" అని వెళ్లిపోయింది. నా వృద్ధాప్యం మా అత్తగారి లంగాకి అంటుకుని బాల్కనీలో ఊగసాగింది.

మా ఆవిడ నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు. తాడు మీద మిగిలిన చివరి క్లిప్పు దగ్గరికి స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఒక్కటి చెప్పండి. సగటులు పక్కన పెట్టండి. ఇక్కడ మీరు పోయారు. నేనున్నాను. మర్నాడు కూడా కాదు, ఆ పొద్దున్నే. నేను లేచి చూస్తాను, మీరు పలకరు. నేనెవర్ని పిలవాలి?"

"సొమ్ముకేమీ లోటుండదు..."

"సొమ్ము కాదండీ. 'ఎవరైనా రండి, మా ఆయన ఊపిరి తీసుకోవట్లేదు' అని అక్కడి భాషలో ఏమంటారు?"

నాకు తెలీదు. అద్దె తెలుసు, కరెంటు బిల్లు తెలుసు, కొబ్బరిబోండం ధర కూడా తెలుసు. ఆ ముక్క తెలీదు.

"పోనీ ఆ ఇళ్ల బ్రోకర్‌నే అడుగుదాం" అని నేను దబాయించాను. ఫ్రిజ్ మీద నంబరు చూడబోతే ఆవిడ అప్పటికే ఫోను కలిపేసింది. స్పీకరు నొక్కింది. నేనది చురుకుదనం అనుకున్నాను.

"మేడమ్! నమస్తే నమస్తే!" అన్నాడు బ్రోకరు. ఈయన సముద్రం లేకుండా వాక్యం పూర్తి చెయ్యలేడు. "మొన్న మీరడిగినవన్నీ సార్‌కి చెప్పేశారా? సముద్రం గురించి ఏమన్నారు?"

"మొన్నా?" అన్నాను.

"నేను చెబితే ఆయనకి ఎక్కదండీ" అంది మా ఆవిడ, నా వైపు చూడకుండా. "మీరే చెప్పండి. అంత చవగ్గా ఎందుకిస్తున్నారు?"

"పాతాయన పోయారు కదా మేడమ్. ఇల్లు సామాన్లతో సహా. మంచం, ఫ్రిజ్జు, వసారాలో కుర్చీ. సార్, ఆ కుర్చీలో కూర్చుంటే సముద్రం ఒళ్లో కూర్చున్నట్టే!"

"ఆయన ఎక్కడ పోయారు?"

కాసేపు ఫోన్లో అలల చప్పుడు. "కుర్చీలోనే మేడమ్."

"ముసలాయనేమో" అన్నాను.

"లేదు సార్, మీ వయసే. ఆయనా ముందే రిటైరై వచ్చారు. వచ్చి ఏడాది కూడా కాలేదు. చాలా ప్రశాంతంగా పోయారు సార్. సముద్రం వైపు చూస్తూ. చేతిలో టీ కప్పు కూడా ఒలకలేదు."

"ఆవిడ?" అంది మా ఆవిడ మెల్లగా.

"ఆవిడే కదా మేడమ్ అమ్మేది. ఎంతకైనా సరే అమ్మెయ్యమంటున్నారు. పాపం, ఇక్కడి భాష రాదు. ఆ పొద్దున గేటు దగ్గర నిలబడి దారిన పోయేవాళ్లందరికీ చెయ్యి ఊపారట. వాళ్లూ చెయ్యి ఊపి వెళ్లిపోయారట. ఇక్కడి జనం అంత స్నేహంగా ఉంటారు సార్." గొంతు సవరించుకున్నాడు. "సాయంత్రం దాకా ఊపుతూనే ఉన్నారట. సముద్రం మాత్రం చాలా బావుంటుంది."

మా ఆవిడ ఫోను పెట్టేసింది. ఇద్దరం తాడు కింద కూర్చున్నాం. ఉన్న పదహారు క్లిప్పుల్లో ఏదీ మా ఇద్దరిలో ఎవరి వైపూ చూడలేదు. స్వర్గంలో స్థిరపడదామనుకున్నాను గానీ, స్వర్గస్థుడి కుర్చీలో అని అనుకోలేదు.

"నువ్వు ముందే ఎందుకు ఫోన్ చేశావ్? నేను ఉద్యోగం మానేస్తున్నానని నీకెలా తెలుసు?"

"మీ ఇంకాస్త గారు నా దగ్గరే కదా కారు నేర్చుకునేది. శుక్రవారం రివర్స్ నేర్పుతున్నాను. ఆయనకి ఒకేసారి రెండు పనులు చేతకావు. వెనక్కి పోతూ మీ సంగతంతా కక్కేశారు. కంగారులో చెట్టుని గుద్దబోతే నేనే బ్రేకు వేశాను."

"చెట్టుకా, నాకా?"

"ఇద్దరికీ."

కాసేపటికి నేనన్నాను, "ఆ ఆఫీసు కుర్చీలో నాకు భయమేస్తోందోయ్." పెళ్లయ్యాక ఆవిడతో నేనన్న మొట్టమొదటి పనికొచ్చే మాట అదేనట. ఆవిడే చెప్పింది.

"మరి అది చెప్పడానికి ఇంత దూరం సముద్రం దాకా వెళ్లాలా? నాకు చెప్పుంటే సరిపోయేది కదండీ" అంది. కొంగుతో మొహం తుడిచింది. నా మొహమే.

సోమవారం ఇంకాస్త గారి ముందు నిలబడ్డాను. "రాసి తెచ్చారా?" అన్నాడు. మెడకి పట్టీ ఉంది. బ్రేకు అంత గట్టిగా పడిందన్నమాట.

"కుర్చీ మార్చమని అడగడానికొచ్చాను సార్."

"మేడమ్ చెప్పారు. మంచి కుర్చీ కదండీ, వీపుకి ఆనుతుంది, ఇంకాస్త..." నా మొహం చూసి ఆగిపోయాడు. "సరే, మార్చుకోండి."

ఇప్పుడు నాది కిర్రుమనే చెక్క కుర్చీ. గుంట పడదు, నడుమే పడిపోతుంది. పాత కుర్చీ కోసం కొట్టుకున్న ఇద్దరు గుమాస్తాల్లో గెలిచినవాడు గంట మోగకముందే లేచి నిలబడుతున్నాడు.

నేను లేవట్లేదు. లేవక్కర్లేదు. రోజూ పదకొండింటికి మా ఆవిడ ఫోన్ చేస్తుంది. వెనకాల హారన్లు, ఎవడో గేరు మార్చలేక ఏడుస్తుంటాడు.

"ఉన్నారా?"

"ఉన్నాను."

"సరే." పెట్టేస్తుంది.

ఓసారి ఫోన్ రాలేదు. నేనే చేశాను. మోగింది, మోగింది, తియ్యలేదు. ఆ కాసేపట్లో నాకు ఒక్క పట్టికా గుర్తు రాలేదు. కిటికీ దగ్గరికెళ్లి రోడ్డు మీద పోయే ప్రతి కారునీ చూశాను. చెయ్యి దానంతటదే పైకి లేచింది. చివరికి తీసింది. "పరీక్షకి తీసుకెళ్లానండీ, ఫోను సంచిలో ఉండిపోయింది. ఉన్నాను, ఉన్నాను" అంది. నేను "సరే" అనాల్సింది. కుర్చీలో కూలబడ్డాను, అదే కిర్రుమంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి, అన్నాళ్లూ హాల్లోనే ఉన్న తాడు విప్పేశాను. ఆ పదహారూ డబ్బాలో పడేశాను. మిగతావి గుర్తొచ్చి బాల్కనీలోకి వెళ్లాను. అత్తగారు కుర్చీలో కూర్చుని వాన చూస్తోంది. కదలట్లేదు.

"అత్తయ్యా?"

పలకలేదు.

"అత్తయ్యా!"

"అబ్బ, ఏంటి అల్లుడూ ఆ అరుపు? వినపడుతోంది. పట్టిక ప్రకారం పోయాననుకున్నావా?"

దండెం మీద ఆవిడ లంగా నా చివరి మూడేళ్లనీ గట్టిగా కరిచి పట్టుకుని ఊగుతోంది. చెయ్యి చాపి, వీలైనంత వినయంగా అన్నాను. "ఏం లేదు అత్తయ్యా, నావి మూడు... మీ దగ్గరున్నాయి."

ఆవిడ ఆకాశం వైపు చూసింది. లంగా అంచు వేళ్లతో నలిపి చూసింది.

"ఇంకా తడిగానే ఉంది నాయనా" అంది. "తొందరేముంది?"